ధారావిలో మా పొదుపు సంసారము

బొంబాయి వెళ్లినవారు నాలుగు రాళ్లు వెనుక వేసికొందురని మన పల్లెలలో ఒక నమ్మకము కలదు. ఆ రాళ్లు ఎట్లు వెనుకబడునో చూచినవారు మాత్రము పల్లెలలో తక్కువ. పదునెనిమిదవ శతాబ్ది చివరినుండి నిజాము సీమ విడిచి వచ్చిన తాపీపనివారును, కూలీలును నివసించుటచేతనే కామాటిపురకు ఆ పేరు వచ్చినది. పాలమూరునుండి వచ్చిన మా తాతగారు మొదట అచ్చటనే యుండిరి. మా నాయనగారి కాలమునకు ధారావి చేరితిమి. గది యొకటి, మనుష్యులము ఏడుగురము.

నాయనగారు నూలుమిల్లులో మగ్గము నడిపెడివారు. మాటుంగా మీదుగా దాదరుకు కాలినడకనే పోవుచుండిరి. రైలు పాసు డబ్బు మిగులునని మొదట చెప్పిరి. నడక ఆరోగ్యమని తరువాత చేర్చిరి. జీతము చేతికి రాగానే మొదటి ఖర్చు ఊరికి మనియార్డరు, రెండవది రేషను, మూడవది చీటి. మిగిలినదానితో సంసారము. మా అమ్మ వారమున మూడు దినములు పచ్చిపులుసే చేసెడిది. దానికి పొయ్యి అక్కఱలేదు, కిరసనాయిలు మిగులును. పాత చీరలన్నియు బొంతలగుచుండెను. దీనిని లేమి యనుకొనుటకు మాకు తీరిక లేకపోయినది.

చీటిని గూర్చి కొంత చెప్పవలెను. ఇరువదిమంది తలకు 50 రూపాయలు వేసిన నెలకు వేయి యగును. అక్కఱ పడినవాడు 200 తగ్గించి 800కే పాడుకొనును. ఆ 200 తలకు పదేసి చొప్పున అందరికిని పంచబడును. నడుపువాని కమీషను మాట అటుంచుడు. చూచుటకు న్యాయముగనే యుండును. కాని ఎవని యింట జబ్బుమనిషి యున్నాడో వాడే నష్టపడును. అక్కఱలేనివాడు చివరవఱకు కూర్చుండి లాభపడును. మా అమ్మకు ఇది గిట్టలేదు. మా వరుసలోని మరాఠీ స్త్రీలు భీషీ వేసికొనుచుండిరి. దానిలో పాట లేదు. పేర్లు వ్రాసిన కాగితములు డబ్బాలో వేసి ఒకటి తీయుటయే. వచ్చినవారికి మొత్తము సొమ్ము. అమ్మకు చదువు రాదు గాని, ఈ రెంటి భేదమును వ్రేళ్లమీద లెక్కించి చూపెడిది. పండ్రెండిండ్ల తెలుగు స్త్రీలను కూర్చి, తలకు 20 రూపాయలతో భీషీ మొదలుపెట్టినది.

1982 జనవరి 18న మిల్లు సమ్మె వచ్చినది. సుమారు రెండున్నర లక్షల కార్మికులు పని విడిచిరి. మా పండ్రెండిండ్లలో ఎనిమిది మిల్లుజీతముపై బ్రదుకునవే. భీషీ ఆపివేయుదమని కొందరనిరి. ఆపినచో ముందు సొమ్ము తీసికొన్నవారు చెడ్డవారగుదురని అమ్మ అన్నది. ఇరువదిని ఐదు రూపాయలకు తగ్గించి, డబ్బా మూసివేసి, ఆ నెల ఎవరి పొయ్యి ఆరినదో వారికే ఇచ్చునట్లు తీర్మానించిరి. అరువది రూపాయలతో ఏమగునని నవ్వినవారు కలరు. నూకలు, పప్పు వచ్చెడివి.

మేము మెట్రిక్కు ముగించి ఒక కార్యాలయమున గుమాస్తాగా చేరియుంటిమి. ఆ జీతమొక్కటే ఇంటికి ఆధారమైనది. 1972లో మహిళా ఏజెంట్ల పద్ధతి వచ్చినపిమ్మట ఇంటికే వచ్చి వసూలుచేసెడి ఆమెద్వారా, చెల్లెలి పెండ్లికై పోస్టాఫీసులో వేసినదంతయు బియ్యమునకు పోయినది. పెండ్లి మూడేండ్లు ఆగినది. ఆ మూడేండ్లును ఆమె జాకెట్లు కుట్టి ఇల్లు నిలిపినది. ఆ సంపాదనను మా నాయనగారు ఏ పద్దులోను వ్రాయలేదు, మేము వ్రాసితిమి. సమ్మె అధికారికముగ విరమింపబడనే లేదు. నాయనగారు మగ్గమువద్దకు మరల పోలేదు.

నేడు మా కోడలు ఫోనుమీదనే బిల్లులు కట్టుచున్నది. వాయిదాలమీద వస్తువులు తెచ్చుట మాకు నచ్చదు. ముందు వాడుకొని పిదప పొదుపుచేయుట తలక్రిందుల లెక్క. అయినను లెక్కపుస్తకము ఆమెయే మాకన్న శుభ్రముగ వ్రాయును. భీషీ నేటికిని సాగుచున్నది, తలకు 2,000 రూపాయలు.

ఇపుడు మరియొక చిక్కు వచ్చినది. ధారావి పునర్నిర్మాణమునకై 2024లో ఇండ్ల సర్వే మొదలైనది. 2000 జనవరి 1కి ముందునుండి నేలమీది ఇంట నున్నవారికి ధారావిలోనే ఇల్లు. మిగిలినవారు వేఱుచోటికి పోవలసివచ్చును. మా పండ్రెండిండ్లలో నలుగురి కాగితములు ఆ తేదీకి అందవు. ఎక్కడున్నను సొమ్ము ఫోనులో పంపవచ్చునని కోడలనుచున్నది. ఎదురింటి పొయ్యి వెలిగినదో లేదో ఫోనులో తెలియునా యని మా యింటి ఇల్లాలు అడుగుచున్నది. ఈ తగవు తేలలేదు. వచ్చు ఆదివారము తొమ్మిదవ పేరు తీయవలసియున్నది.