సశేషం

సీరియల్ చదివే అలవాటున్న ప్రతివారికీ తెలుసు, తెలుగుభాషలోకల్లా నిర్దయమైన మాట "సశేషం" అని. కథానాయిక తలుపు గడియ తీయబోతూ వుంటుంది. బయట నిలబడ్డదెవరో మనకు తెలిసేలోగానే ఆ మూడక్షరాలూ అడ్డం వచ్చి పడతాయి. అయినా వారం తిరిగేసరికి ఆ తలుపు తెరుచుకుంటుందనే ధైర్యం మనకు వుంటుంది. కాని పదమూడువందల యేళ్ళకు పైగా కిందట ఒక కథ, నాయిక విరహాన్ని చెలికత్తె చెబుతూ వుండగా చటుక్కున ఆగిపోయింది. కింద "సశేషం" అని వేయడానికి కవి మిగలలేదు.

ఆ కథ కాదంబరి. ఆ కవి బాణభట్టు, 606 నుంచి 647 దాకా రాజ్యమేలిన హర్షుడి ఆస్థానంలోని వాడు. కన్నడంలోనూ మరాఠీలోనూ నవలను నేటికీ "కాదంబరి" అనే అంటారు. ఒక ఆడపిల్ల పేరు ఒక సాహిత్యప్రక్రియకే పేరై కూర్చుందంటే, ఆ కథ జనాన్ని యెంతగా పట్టుకుని వుండాలి!

నేనీ కథ పుస్తకంలో చదవడానికి ముందే మా నాన్నగారి నోట విన్నాను. వేసవి రాత్రుళ్ళు పెరట్లో మంచాలు వేసుకున్నాక, రోజుకింత చొప్పున చెప్పేవారు. వినేవాళ్ళం మేం పిల్లలం, మా అమ్మ, ఇంకా మా అత్తయ్య. అత్తయ్యంటే నాన్నగారి అక్కగారు. ఇరవై యేళ్ళు నిండకుండానే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి. కథల మధ్యలో ఆవిడ సాధారణంగా నోరు విప్పేది కాదు.

కథ కొంచెం చెప్పాలి. మహాశ్వేత గంధర్వకన్య. అచ్ఛోదమనే సరస్సు దగ్గర పుండరీకుడనే మునికుమారుణ్ణి చూసింది. అతను తన చెవినున్న పారిజాత మంజరి తీసి ఆమె చెవికి పెట్టాడు. ఆ తొట్రుపాటులో అతని చేతి జపమాల జారిపోతే ఆమె పట్టుకుని మెడలో వేసుకుంది. అంతే వాళ్ళ పరిచయం. వెన్నెల రాత్రి ఆమె వెతుక్కుంటూ వెళ్ళేసరికి, విరహతాపానికి తాళలేక అతను ప్రాణం విడిచి వున్నాడు. ఆమె కూడా చనిపోబోతే, చంద్రమండలం నుంచి ఒక దివ్యపురుషుడు దిగి, మళ్ళీ కలుసుకుంటారు, ప్రాణాలు తీసుకోవద్దని చెప్పి, శవాన్ని యెత్తుకుపోయాడు. అప్పటినుంచీ ఆమె శివాలయంలో వీణ మీటుకుంటూ నిరీక్షిస్తోంది. ఆమె నెచ్చెలి కాదంబరి, నా స్నేహితురాలు యిట్లా వుండగా నాకు పెళ్ళేమిటని ఒట్టు పెట్టుకుంది. ఉజ్జయిని రాజకుమారుడు చంద్రాపీడుడు వచ్చి ఆ ఒట్టుని కాస్తా కదిలించాడు. ఇంతలో తండ్రి పిలుపు రాగా తిరిగి వెళ్ళిపోయాడు. వెనక నుంచి పత్రలేఖ వచ్చి కాదంబరి అవస్థ చెబుతూ వుంది. అక్కడ బాణుడి కలం ఆగింది.

తరువాత కథ పూర్తిచేసింది ఆయన కొడుకు. భూషణభట్టని కొందరు, పులిందుడని కొందరు అంటారు. నాన్నగారితోపాటే యీ కథ కూడా తెగిపోయింది, అందుకు సజ్జనులు బాధపడుతున్నారని మొదలుపెట్టాను గాని కవినన్న గర్వంతో కాదని అతను ముందే చెప్పుకున్నాడు.

ఇక్కడినుంచి మానవమాత్రుల కథ కాదు. చంద్రాపీడుడి ప్రాణస్నేహితుడు వైశంపాయనుడు అచ్ఛోదం దగ్గరే వుండిపోయి, యెందుకో తనకే తెలియకుండా మహాశ్వేత వెంటపడతాడు. ఆమె కోపించి, చిలుకవై పుట్టమని శపిస్తుంది. అతను నేల కూలిపోతాడు. తీరా చూస్తే అతనే పుండరీకుడు! యెవరికోసం యేళ్ళ తరబడి కాచుకుందో అతన్నే తన నోటితో తరిమేసింది.

ఇది చెప్పి నాన్నగారు ఆగారు. చీకట్లో అత్తయ్య గొంతు వినబడింది.

"ఆవిడ తప్పేముందిరా? ఫలానావాణ్ణని చెప్పకుండా మీదికొస్తే తిట్టక యేం చేస్తుంది?"

"గుర్తుపట్టలేకపోయింది కదా అక్కయ్యా, జన్మ వేరు, రూపం వేరు" అన్నారు నాన్నగారు.

"రూపం వేరైతే మనిషీ వేరేలే. ఆవిడ కాచుకున్నది ఆ మనిషి కోసం" అని అత్తయ్య అటు తిరిగి పడుకుంది.

మర్నాడు మిగతా కథ. స్నేహితుడి మరణవార్త విని చంద్రాపీడుడు గుండె పగిలి చనిపోతాడు. ఆ దేహాన్ని కాపాడమనీ, అది చెడదనీ దివ్యవాణి చెబుతుంది. కాదంబరి దానికి రోజూ పూజ చేస్తూ కూర్చుంటుంది. ఇదంతా విని అత్తయ్య, "పోనీలే, చేసుకోడానికి ఆ పిల్లకొక పని వుంది. పనుంటే రోజులు గడుస్తాయి" అంది. పొద్దున్నే లేచి మా యింటెడు పనీ చేసే అత్తయ్య దగ్గర మామయ్య ఫోటో అయినా వుండేది కాదు. ఆ సంగతి నాకు పెద్దయ్యాక తట్టింది.

చివరికి శాపాలన్నీ తీరతాయి. చంద్రాపీడుడు సాక్షాత్తు చంద్రుడే. కాదంబరి కౌగిలింతకు ఆ దేహం లేచి కూర్చుంటుంది. పుండరీకుడూ దిగి వస్తాడు. కొడుకు రచన తండ్రి రచనంత గొప్పది కాదని పండితులంటారు. కావచ్చు. కాని శాపాల ముడి బాణుడే వేశాడు. కథ మొదట్లోనే శూద్రక మహారాజు సభలో ఒక చిలుక నోరు తెరిచి తన వృత్తాంతం చెబుతుంది కదా, ఆ చిలుక యెవరో తేలాలి కదా! విప్పడం కొడుకు వంతు అయింది.

ఆ చిలుక బాల్యం ఒకసారి చూడండి. పుట్టగానే తల్లి పోయింది. బోయవాడు చెట్టెక్కినప్పుడు ముసలి తండ్రి పిల్లను రెక్కల కింద దాచుకుని తాను చచ్చిపోయాడు. పిల్ల యెండుటాకుల మీద పడి బతికింది. బాణుడు చిన్నతనంలోనే తల్లిని, పద్నాలుగో యేట తండ్రి చిత్రభానుణ్ణి పోగొట్టుకున్నాడు. హర్షచరితంలో స్వయంగా రాసుకున్నాడు. ఆ బాధ యెరిగినవాడే తన కొడుకునూ, సగం కథనూ వదిలి వెళ్ళాడు.

ఆ కొడుకు పుండరీకుణ్ణి బతికించాడు, చంద్రాపీడుణ్ణి బతికించాడు, గుర్రమై పుట్టిన కపింజలుణ్ణి మళ్ళీ మనిషిని చేశాడు. తన తండ్రి విషయంలో మాత్రం చేతనైనది, ఆయన వదిలిన చోటినుంచి కథ అందుకోవడమే. మా అత్తయ్య దృష్టిలో అదీ ఒక పనే.

ఇంత చేసినా పుస్తకం బాణుడి కాదంబరే. చాలామందికి కొడుకు పేరే తెలియదు. మీరెప్పుడైనా ఆ కథ చదివితే పూర్వభాగం కాగానే పుస్తకం మూయకండి. ఉత్తరభాగం చివరిదాకా చదవండి. అక్కడ "సమాప్తం" అని వుంటుంది.