తొండను చూడబోదాం రండి!

పిల్లలూ! తొండను చూడనివారు మీలో ఉండరు. కాని నిదానంగా చూసినవారు ఎందరు? వానలు పడ్డాక సెలవులు వస్తే, దాన్ని చూడటానికే ప్రయాణం కడదాం.

మొదట జనగామలో రైలు దిగి ఊరు దాటుదాం. అదిగో, కంచె గుంజమీద తొండ! చప్పుడు చెయ్యకండి. దాని మెడనుంచి వీపుమీదుగా రంపపు పళ్లలా ముళ్లు నిలిచి ఉన్నాయి. చెవిపైన కూడా చిన్న చిన్న ముళ్లున్నాయి. భయపడకండి. అవి పొడుగ్గా పెరిగిన పొలుసులే. తొండకు విషం లేదు.

చూస్తూండగానే దాని తలా మెడా ఎర్రబడ్డాయి. ముందుకాళ్లమీద లేస్తూ, వంగుతూ తల ఊపుతున్నది. "అది మన నెత్తురు పీలుస్తున్నదిరా, కొట్టు!" అంటూ మీ పక్కవాడు రాయి తీస్తాడు. ఆ చెయ్యి పట్టుకోండి! అంత దూరాన ఉన్న తొండ మీ నెత్తురెలా పీలుస్తుంది? ఇంగ్లీషువారు కూడా దీన్ని 'నెత్తురు పీల్చేది' అనే పిలిచారు. పాపం, ఆ ఎరుపు దాని ఒంటిదే! జతకట్టే కాలంలో మగతొండ ఇలా ఎర్రబడి, "ఈ చోటు నాది" అని తోటి మగతొండలకు చాటుతుంది.

మళ్లీ రైలెక్కి, కాజీపేట, వరంగల్లు మీదుగా మహబూబాబాదు చేరుదాం. మిరపచేను గట్టున తొండ ఏం తింటున్నదో చూడండి: మిడతలు, చీమలు, గొంగళిపురుగులు! జీతం అడగని కావలివాడన్నమాట. ఆడతొండ మెత్తని మట్టిలో గుంట తవ్వి, గుడ్లు పెట్టి, మట్టి కప్పి వెళ్లిపోతుంది.

వరంగల్లు తిరిగివచ్చి బస్సెక్కితే, పరకాల మీదుగా భూపాలపల్లి. బొగ్గుగనులూ, అడవులూ ఉన్న చోటు. 'తొండ ముదిరి ఊసరవెల్లి అయింద'ని సామెత. కాని తొండ ఎంత ముదిరినా తొండే! ఊసరవెల్లి ఒక కన్ను ఇటూ, ఒక కన్ను అటూ తిప్పగలదు. తోకను కొమ్మకు చుట్టగలదు. తొండకు ఆ విద్యలు రావు.

మనం తిరిగిన ఈ మూడు చోట్లూ ఒకప్పుడు వరంగల్లు జిల్లాలోవే. 2016లో వేరువేరు జిల్లాలైనాయి. తొండ సంగతీ అలాంటిదే. 1802లో దోదాఁ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దానికి 'రంగులు మార్చేది' అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. దక్షిణాసియా అంతటా ఉన్నది ఆ ఒక్క జాతేనని చాలాకాలం అనుకున్నారు. 2021లో శాస్త్రజ్ఞులు జన్యువులూ, పొలుసులూ పోల్చి చూసి, అందులో నాలుగు జాతులున్నాయని తేల్చారు!

మనం రోజూ రాళ్లు విసిరే ప్రాణిలోనే ఇన్ని తెలియని సంగతులున్నాయి. ఈసారి తొండ కనబడితే రాయి తియ్యకండి, కాగితమూ పెన్సిలూ తియ్యండి. అది ఏ వేళకు ఏ రంగులో ఉన్నదో రాసుకోండి.