కడుపునొప్పి – 24 గంటల లెక్క

పాఠశాలకు రాకుండుటకు పిల్లలు చెప్పు సాకులలో కడుపునొప్పిదే అగ్రస్థానము. జ్వరమైనచో నుదుట చేయి వైచి చూడవచ్చును. కడుపునొప్పికి పైకి సాక్ష్యము లేదు. కావున ఉపాధ్యాయులమగు మేము నమ్ముటకు సందేహింతుము. తల్లులు వాము నమలించి పంపుదురు. పెక్కుసార్లు అదియే చాలును. అజీర్ణముచేతను వాయువుచేతను కలుగు నొప్పి పూటలో సర్దుకొనును. వాముతో తీరని నొప్పిని గుర్తించుట యెట్లో ఇచ్చట విన్నవింతుము.

మన పెద్దలు “24 గంటల నొప్పి” యని దేనిని పిలుతురో, దానిని వైద్యులు అపెండిసైటిస్ అందురు. పెద్దప్రేగు మొదట వ్రేలాడు చిన్న తిత్తికి ఉండుకమని పేరు. అది వాచినపుడు నొప్పి తొలుత బొడ్డుచుట్టు పుట్టి, కొన్ని గంటలకు కుడివైపు పొత్తికడుపునకు దిగును. ఆకలి చచ్చును; వాంతియు, కొద్దిపాటి జ్వరమును కలుగవచ్చును; దగ్గినను అడుగు వేసినను పోటు హెచ్చును. ఈ పేరు తొందర పడుమని హెచ్చరించుట మేలే. కాని గంటలు లెక్కించుచు ఇంట కూర్చుండుట కీడు. తిత్తి ఎప్పుడు చిట్లునో గడియారము చెప్పజాలదు. చిట్లిన పిమ్మట నొప్పి కొంత తగ్గుటయు కలదు. ఇంటివారు గండము గడిచినదనుకొందురు. కాని చీము కడుపులో వ్యాపించుట అప్పుడే ఆరంభమగును.

కొన్నియేండ్ల క్రిందట మా తరగతి బాలుడొకడు పరీక్ష పోవునను భయముచే రాత్రియంతయు నొప్పిని దాచెను. తెల్లవారి ఇంటివారు ఆముదము పట్టించిరి. వాచిన ఉండుకమునకు విరేచనము హాని. అది చిట్లుటకు తోడ్పడును. సాయంకాలమునకు బాలుడు నడుము వంచి నడువసాగెను. శస్త్రచికిత్సచే బ్రదికెను గాని, మూడు వారములు ఆసుపత్రి మంచము విడువలేదు.

రాజులకును ఇది తప్పలేదు. 1902 జూన్ 26న పట్టాభిషేకము జరుగవలసిన ఏడ్వర్డు చక్రవర్తికి, ఈ వ్యాధిచేతనే జూన్ 24న శస్త్రచికిత్స చేసిరి. పట్టాభిషేకము ఆగస్టు 9కి వాయిదా పడెను.

వేరు కారణములును కలవు. నూనె వస్తువులు తిన్నపిదప కుడి ప్రక్కటెముకల క్రింద పోటు వచ్చినచో పిత్తాశయమున రాళ్ళుండవచ్చును. నడుమునుండి గజ్జలవైపు దిగు నొప్పి మూత్రపిండములోని రాతిది కావచ్చును. నలువది దాటినవారు రొమ్ముక్రింది నొప్పిని “గ్యాసు” అని త్రోసివేయరాదు. అది గుండెపోటు కావచ్చును. గర్భము దాల్చుటకు అవకాశమున్న స్త్రీకి పొత్తికడుపు నొప్పితో కండ్లు తిరిగినచో క్షణమైనను ఆలసింపరాదు.

ఈ క్రింది గురుతులలో ఏ ఒక్కటి కానవచ్చినను ఆసుపత్రికి పోవలెను: నొప్పి హఠాత్తుగా తీవ్రముగా వచ్చుట, లేక గంటలు గడచినకొలది హెచ్చుట, కడుపు బల్లవలె బిగియుట, ఆగని వాంతులు, మలమును వాయువును బంధించి పొట్ట ఉబ్బుట, వాంతిలోగాని మలములోగాని రక్తము పడుట, చెమటలు పట్టి సొమ్మసిల్లుట. వైద్యుడు చూచువరకు ఆహారము, విరేచనౌషధము, కాపడము వలదు.

కాకినాడలో 1958లో స్థాపితమైన రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధమగు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి కలదు. 108కి టెలిఫోను చేసినచో అంబులెన్సు ఉచితముగా వచ్చును. గోదావరి లంకలలోనివారు పడవ దాటవలసి యుండును గనుక, చీకటి పడకమునుపే బయలుదేరుట మంచిది.

విద్యార్థులారా, పరీక్ష మరల వచ్చును, నొప్పిని దాచకుడు. తల్లిదండ్రులారా, పదిసార్లు సాకు చెప్పిన బిడ్డయైనను పదునొకండవసారి నిజము చెప్పవచ్చును. పొట్టపై చేయి వైచి చూడుడు, అడుగు వేయించి చూడుడు, అటుపిమ్మట నిర్ణయింపుడు.