డ్రమ్ము లెక్క, చిగురు లెక్క

మా అనంతపురం వైపు చీనీ (బత్తాయి) తోటలకు మందు కొట్టే కూలి డ్రమ్ము లెక్కన ఉంటుంది. 200 లీటర్ల డ్రమ్ము ఒకటి ఖాళీ అయితే ఇంత అని ముందే మాట్లాడుకుంటాం. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. కొట్టేవాడికి డ్రమ్ము తొందరగా ఖాళీ కావాలి, తోటాయనకు తక్కువ డ్రమ్ములతో ఎకరా తేలిపోవాలి. గన్ను నాజిల్ వదులు చేసి చెట్టు నెత్తిన వాన కురిపిస్తే ఇద్దరికీ సంతోషమే. ఆకు అడుగు మాత్రం పొడిగా ఉండిపోతుంది. చీనీ ఆకుకు రంధ్రాలు దాదాపు అన్నీ అడుగువైపే ఉంటాయి, మైనప్పొర కూడా పైభాగం కంటే అక్కడే తేలిగ్గా దారి ఇస్తుంది. జింకైనా యూరియా అయినా ఎక్కువగా లోపలికి పోయేది అటునుంచే.

6 మీటర్ల ఎడంతో నాటిన తోటలో ఎకరాకు 110 చెట్ల దాకా పడతాయి. కాపుకొచ్చిన చెట్టు లోపలా బయటా తడవాలంటే 8 నుంచి 10 లీటర్లు కావాలి. అంటే ఎకరాకు ఐదు డ్రమ్ములు. మూడింటితో సరిపెట్టమని బేరమాడే రైతుకు నాది ఒకటే జవాబు: “మూడే అంటే సగం తోటకు పైచిలుకు కొడతా అన్నా. మిగిలింది నీకు డబ్బులున్నప్పుడు చూద్దాం.” కొందరు నవ్వి ఒప్పుకుంటారు, కొందరు ఇంకొకరిని పిలుచుకుంటారు. నేను డ్రమ్ము కూలి మానేసి చెట్టు లెక్కన మాట్లాడుకోవడానికి కారణం ఇదే. చెట్టు లెక్కయితే తొందర ఉండదు. గన్ను కిందినుంచి పైకి ఎత్తి, కొమ్మల సందులోకి దూర్చి, ఆకు కొసన చుక్క వేలాడుతూ ఇంకా జారకముందే పక్కకు తిప్పవచ్చు.

అసలు వేరున్న చెట్టుకు ఆకు మీద ఎరువు ఎందుకని నన్ను చాలామంది అడుగుతారు. మా నేలల్లో చాలాచోట్ల సున్నం ఎక్కువ. తవ్వితే తెల్లటి గడ్డలు వస్తాయి. ఉదజని సూచిక 8 దాటిన మట్టిలో జింకు, ఇనుము ఉన్నా వేరుకు అందవు, మట్టే పట్టేసుకుంటుంది. బస్తాల కొద్దీ జింక్ సల్ఫేట్ పాదుల్లో పోసినా అదే గతి. రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలాంటి చోట్ల శిక్షణకు పోతే మొదట చెప్పేది ఈ సంగతే. అమెరికాలో కాలిఫోర్నియా నారింజ తోటలు 1930లలో ఇట్లాగే ఆకులు పాలిపోయి చిన్నబోతే, జింక్ సల్ఫేటూ సున్నమూ కలిపి ఆకుల మీద కొట్టి బాగుచేసుకున్నారు. మా డ్రమ్ములో కలిసే సరుకు కూడా చాలావరకు అదే.

అయితే డ్రమ్ము కలిపే ముందు ఆకు చూడాలి. తోటలోకి పోగానే చిగురు కొమ్మ ఒకటి, ముదురు కొమ్మ ఒకటి విరిచి పక్కపక్కన పెట్టుకుంటాను. లేత ఆకులు చిన్నవై, ఈనెల మధ్య పసుపు మచ్చలు వేసి, కొమ్మ చివర కుచ్చులా గుమిగూడితే జింకు లోపం. లేత ఆకే మొత్తం పాలిపోయి సన్న ఈనెలు ఆకుపచ్చ వలలా కనబడితే ఇనుము. ముదురు ఆకులో అంచులు పసుపై, కాడ దగ్గర మాత్రం ఆకుపచ్చ ముక్కోణం మిగిలితే మెగ్నీషియం. కాయ గట్టిపడి, కోస్తే తోలులో జిగురు గూళ్లు కనబడితే బోరాన్ వైపు అనుమానించాలి. వీటన్నిటిలో కంగారు పెట్టేది ఒకటుంది. గ్రీనింగ్ తెగులు వచ్చిన చెట్టు కూడా పసుపు మచ్చలే చూపిస్తుంది. తేడా ఏమంటే, జింకు మచ్చలు నడిమి ఈనెకు రెండు పక్కలా ఒకే తీరుగా ఉంటాయి, గ్రీనింగ్ మచ్చలు ఒక పక్క ఒక రకం, ఇంకో పక్క ఇంకో రకం. ఆ చెట్టుకు ఎన్ని డ్రమ్ములు పోసినా కూలి దండగ. అట్లాంటి చెట్లకు గుడ్డ ముక్క కట్టి యజమానికి చూపించి వస్తాను. అవి తీసేయమంటే మనసు ఒప్పక నా మీదే కోపం చేసుకున్న వాళ్లున్నారు. కోపం రెండో ఏటికి తగ్గుతుంది, పక్క చెట్లకు కూడా మచ్చలొచ్చాక.

కలపడం దగ్గరికొస్తే, ఉద్యాన శాఖ వాళ్లు చెప్పే కొలతే నాకూ ఆధారం. లీటరు నీటికి జింక్ సల్ఫేట్ 5 గ్రాములు, మాంగనీస్ సల్ఫేట్, మెగ్నీషియం సల్ఫేట్, ఫెర్రస్ సల్ఫేట్ రెండేసి గ్రాములు, బోరాక్స్ 1 గ్రాము, సున్నం 6 గ్రాములు, యూరియా 10 గ్రాములు. డ్రమ్ముకు లెక్కేస్తే జింకు కిలో, యూరియా రెండు కిలోలు, సున్నం కిలోకు ఇంకో 200 గ్రాములు. సల్ఫేట్లు ఒట్టిగా పడితే లేత ఆకు మాడుతుంది, ఆ మంట చల్లార్చడానికే సున్నం. దాన్ని ముందురోజే నానబెట్టి తేరుకున్నాక గుడ్డలో వడపోయాలి, లేకపోతే నాజిల్ పట్టేస్తుంది. ప్రతి ఉప్పునూ వేరే బకెట్లో కరిగించి ఒకదాని వెనుక ఒకటి డ్రమ్ములో పోయాలి. ఫెర్రస్ సల్ఫేట్ పలుకులు లేత ఆకుపచ్చగా ఉండాలి. తుప్పు రంగు తిరిగిన సంచి ఎంత చవకకు దొరికినా వెనక్కి పంపిస్తాను. జింకు సంచి మీద 21 శాతం అని ఉందో 33 శాతం అని ఉందో చదవాలి. 33 శాతం సరుకును కూడా అదే 5 గ్రాముల కొలతలో పోస్తే ఆకు కొసలు కాలతాయి.

రైతులకు ఇక్కడ ఒక దురాశ ఉంటుంది. ఎట్లాగూ కొడుతున్నాం కదా, 19-19-19 కూడా వెయ్యి, పురుగు మందు కూడా కలుపు అంటారు. 19-19-19లోని భాస్వరం, జింకు ఒకే నీళ్లలో కలిస్తే తెల్లటి మడ్డి కట్టి అడుగున కూర్చుంటుంది. సున్నమున్న నీళ్లలో చాలా పురుగు మందులు చెట్టెక్కకముందే చచ్చిపోతాయి. బోరు నీళ్లే మా దగ్గర ఉప్పదనం, సున్నం ఎక్కువ. అందుకే నా సంచిలో ఎప్పుడూ పీహెచ్ కాగితం ఉంటుంది. కాగితం నీలానికి తిరిగితే రైతుకు చూపిస్తాను. నా మాట కంటే ఆ రంగునే ఎక్కువ నమ్ముతారు.

కొలత ఎవరైనా నేర్చుకుంటారు. కొట్టాల్సిన రోజు కనిపెట్టడమే మా పనిలో అసలు పని. జింకు ముదురు ఆకులో ఒకసారి కూర్చుంటే అక్కడినుంచి కొత్త చిగురుకు పెద్దగా కదలదు. కాబట్టి ప్రతి చిగురుకూ దాని వంతు దానికే అందాలి. ఆకు మరీ పిల్లగా ఉన్నప్పుడు కొడితే మందు నిలిచే చోటే ఉండదు, ముదిరాక కొడితే మైనం గట్టిపడి నీళ్లు పూసల్లా జారిపోతాయి. పూర్తి సైజులో మూడింట రెండు వంతులు విచ్చుకుని, వేళ్ల మధ్య మెత్తగా తగిలేటప్పుడు కొట్టాలి. డిసెంబరులో నీళ్లు ఆపి వాడబెట్టిన తోట, జనవరిలో నీళ్లు వదిలాక పూతతో పాటు చిగురు తోస్తుంది. అప్పుడు జనవరి, ఫిబ్రవరి. మళ్లీ తొలకరికి జూన్, జూలై. ఏడాదికి నాలుగుసార్లు అని కాగితం మీద ఉండేది ఇందుకే. నెల చూసుకుని ఫోన్ చేసేవాళ్లకు మాత్రం నేను తేదీ చెప్పను. “చిగురు ఫోటో తీసి పంపక్కా, అప్పుడు చెప్తా” అంటాను. ఒక తోటలోనే దిగువన ఉన్న చెట్లు వారం ముందు చిగురేస్తాయి.

ఎండాకాలంలో పెద్దాయన ఒకాయన పట్టుబట్టాడు.

“ఏమప్పా, ఆకంతా పాలిపోయినాది, ఈ రోజే కొట్టిపో.”

“చిగురు లేదు గదా పెద్దాయనా. ముసలాకు మీద పోస్తే ఏం తాగుతాది?”

“దుకాణమాయప్ప కొట్టచ్చు అన్యాడే?”

“ఆయప్పకు సీసా అమ్ముడుబోతే చాలు. నీకు గదా కూలి ఖర్చు.”

అప్పటికి వదిలేశాడు. తొలకరికి పిలిచాడు. ఇనుము కలిపి కొట్టిన చెట్లలో ఒక తమాషా జరుగుతుంది, మందు పడినచోట మాత్రమే ఆకుపచ్చ చుక్కలు లేస్తాయి, పడనిచోట పాలిపోయే ఉంటుంది. రెండు వారాలకు పోయి చూస్తే నా మనుషుల్లో ఎవరు గన్ను సరిగ్గా తిప్పారో ఆకులే చెబుతాయి. పెద్దాయన తోటలో నేను చూసుకున్నది కూడా అదే.

పొద్దు సంగతి వేరు. జూన్, జూలై నెలల్లో మా వైపు గాలి మామూలుగా ఉండదు, రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఊరికే కాదు. తొమ్మిదిన్నర దాటితే గన్నులోంచి వచ్చిన తుంపర పక్క చేనుకు పోతుంది. ఎండలో పడిన చుక్క ఆరిపోయి ఉప్పు మిగులుతుంది. ఆకు తడిగా ఉన్నంతసేపే లోపలికి పోవడం జరుగుతుంది. అందుకే తెల్లవారుజామున మొదలుపెట్టి గాలి లేవకముందే గన్ను దించుతాం, లేదంటే సాయంత్రం. మంచు పడ్డ రోజున నేను ఇంకా ఆలస్యంగా మొదలుపెడతాను, తడి ఆకు మీద మందు పలచబడి జారుతుంది గనుక.

పిందె రాలే కాలంలో వచ్చే పిలుపులు వేరే రకం. అప్పుడు అడిగేది హార్మోను. ప్లానోఫిక్స్ 100 లీటర్లకు 22 మిల్లీలీటర్లు, అంటే పది లక్షల భాగాల్లో పది. కొందరు 2,4-డి అడుగుతారు, అది 100 లీటర్లకు 1 గ్రాము. ఎక్కువ కొలతలో కలుపు మందుగా పనిచేసేదే, అంత పలచగా పడితే కాయ కాడను పట్టి ఉంచుతుంది. నాకు మాత్రం 2,4-డి అంటే భయం. దాని వాసన సోకిన డ్రమ్ముతో పత్తికో టమాటాకో కొడితే ఆకులు పీలికలై ముడుచుకుపోతాయి. దానికి వేరే డ్రమ్ము, వేరే పైపు పెట్టాను, మా ఇంట్లో పిల్లలకు కూడా ఆ డ్రమ్ము ఏదో తెలుసు. ఇంకొక మాట కూడా రైతుకు ముందే చెబుతాను. నీళ్లు ఒకరోజు ముంచి ఐదు రోజులు ఎండగట్టే తోటలో పిందె రాలితే ఏ హార్మోనూ ఆపలేదు.

కాయ లావెక్కే దశలో 13-0-45 అనే పొటాష్ ఎరువు, లీటరుకు 10 గ్రాములు. ఇది కాయ సైజుకు పనికొస్తుంది, తోలు మెరుపు కూడా వస్తుంది. మంగు పట్టి తోలు గరుకెక్కిన కాయను మాత్రం ఏ పొటాషూ తిరిగి నునుపు చేయదు. మంగు నల్లిని చిన్న పిందె మీదే ఆపాలి. మార్కెట్‌లో మంగు కాయకు వ్యాపారి ధర కోస్తాడు, దానికితోడు టన్నుకు సూటు అని ఇంత తీసేస్తాడు, రైతుకు చేతికొచ్చేది లెక్కేసుకుంటే కడుపు మండుతుంది. అందుకే రైతు ఏ సీసా చూపించినా నమ్మి కొంటాడని నాకు అర్థమైంది.

ఆ సీసాల గురించి కాస్త మాట్లాడాలి. బంగారు రంగు మూత, చీనీ కాయ బొమ్మ, లోపల ఏముందో మాత్రం పేరు లేదు. సముద్రపు నాచు, హ్యూమిక్, అమైనో అని పెద్ద మాటలుంటాయి. వీటిలో పనికొచ్చేవి ఉన్నాయి, అన్నీ మోసమని నేననను. 2021లో కేంద్ర ప్రభుత్వం బయోస్టిమ్యులెంట్లను ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చింది. లేబుల్ మీద లోపలి సరుకు, కొలత రాసి లేని సీసాను నేను డ్రమ్ములో పోయనని చెప్పేస్తాను, యజమాని తానే పోసుకుంటే అడ్డుపడను. యూరియా విషయంలోనూ ఇట్లాంటిదే ఇంకొకటి ఉంది. సంచి యూరియాలో బైయూరెట్ అనే సరుకు 1.5 శాతం దాకా ఉండొచ్చని చట్టమే ఒప్పుకుంటుంది. నేలకు అది సరే, చీనీ జాతి ఆకుకు అది పడదు, ఎక్కువసార్లు పడితే ఆకు కొసలు పసుపెక్కుతాయి. కాబట్టి లీటరుకు 10 గ్రాములు దాటనివ్వను. “ఇంకో రెండు కిలోలు వెయ్యి, పచ్చగా ఉంటాది” అనే వాళ్లే మా తోటల్లో ఎక్కువ.

ఇప్పుడు మేనల్లుడు కొత్త పాట పాడుతున్నాడు. “మామా, గన్నూ పైపులూ అమ్మేద్దాం, డ్రోను తీసుకుందాం. పది నిమిషాల్లో ఎకరా అయిపోతాది.” వాడి మాట వేరుశనగకు నిజమే. డ్రోను ఎకరాకు పది లీటర్లు పోస్తుంది. చీనీకి ఎకరాకు ఐదు డ్రమ్ముల్లో కలిసే జింకు ఐదు కిలోలు. అంత ఉప్పు పది లీటర్లలో వేస్తే ఆకు కాలడం అట్లుంచి, నాజిలే పట్టేస్తుంది. ఉప్పు తగ్గిస్తే చెట్టుకు అందేది ఏమీ ఉండదు. పైగా పైనుంచి వచ్చే తుంపర గుబురు చెట్టు లోపలి ఆకు అడుగుకు చేరడం కష్టం. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాను. వాడు తల గీరుకుని, అద్దెకు తెచ్చిన డ్రోనుతో వేరుశనగ చేలకే పోతున్నాడు, బాగానే సంపాదిస్తున్నాడు. జూలైలో పైపు లాగే మనిషి దొరకని తెల్లవారుజామున మాత్రం వాణ్నే లేపుతాను.