దక్షిణ పినాకినీ తీరసీమ

నందిదుర్గపు కొండలలో జన్మించిన పినాకినులు రెండింటిలో ఉత్తర పినాకిని పెన్నయై రాయలసీమను దాటి, నెల్లూరు మాగాణములను పండించి సముద్రమును జేరగా, దక్షిణ పినాకిని హొసకోట మీదుగా దిగివచ్చి, హోసూరు, కృష్ణగిరి సీమల బండల నొరసికొనుచు పారి, తెన్‌పెణ్ణై యను తమిళనామముతో కడలూరు చేరువను బంగాళాఖాతమున గలియుచున్నది. మొదటి నదిని మనమందరమెరుగుదుము. రెండవదాని గట్టునను తెలుగు మాటలాడు పల్లెలు పెక్కు గలవని ఎరిగినవారు కొలదిమందియే.

గనులసీమ యనిన మాత్రమున మనకు సింగరేణి బొగ్గు స్ఫురించును. ఈ నది సాగరమును జేరు కడలూరు జిల్లాలోను నైవేలి లిగ్నైటు గనులు ప్రసిద్ధములు. ఎగువనున్న కృష్ణగిరికి మాత్రము శిలయే నిక్షేపము. వజ్రపుపొడి పొదిగిన తీగలతో క్వారీలలో కోసిన గ్రానైటు దిమ్మెలు, మెరుగుపెట్టిన పలకలై, ఓడలెక్కి ఖండాంతరములకు పోవుచున్నవి.

పూర్వము కృష్ణగిరి పరిసరములను బారామహల్ అనెడివారు. 1792లో శ్రీరంగపట్టణపు సంధివలన ఆ సీమ టిప్పు సుల్తాను చేతినుండి కుంపిణీ వశమైనప్పుడు, అలెగ్జాండర్ రీడును, అతని సహాయకుడు థామస్ మన్రోయు ఇచట పొలములను కొలిపించి, మధ్యవర్తి లేక రైతుతోనే శిస్తు నిర్ణయించు పద్ధతికి బీజము నాటిరి. పిదప మన్రో దత్తమండలములకు గొనిపోయిన రైత్వారీ విధానము తొలుత రూపుదాల్చినది ఈ నేలమీదనే.

1950వ దశకములో కృష్ణగిరి చేరువను ఆనకట్ట వెలసినంతట, కావేరిపట్టణము వైపు పొలములకు కాలువనీరందెను. మెరకనేలలలో తోతాపురి మామిడి తోటలు విస్తరిల్లినవి. వాని నాశ్రయించి గుజ్జు తీయు కర్మాగారములు వెలసినవి. చంద్రచూడేశ్వరుని కొండ క్రిందనున్న హోసూరు, లారీలు, మోటారుసైకిళ్లు, గడియారములు నిర్మించు పారిశ్రామిక నగరమైనది.

అయినను ఈ అభ్యుదయమునకు ఆధారమైన నదియే నేడు రుగ్ణమైయున్నది. బెంగళూరు మురుగును, కర్మాగారముల వ్యర్థజలమును మోసికొనివచ్చి, హోసూరు చెంత కెలవరపల్లి జలాశయపు తూములయొద్ద పలుమారులు తెల్లని నురుగును గ్రక్కుచున్నది. ఆ నీటినే పైరులకు పెట్టవలసిన రైతుల దైన్యము చూచి మనసు కలతనొందకుండునా?

కోసిన కొండ మరల మొలవదు. నది యన్ననో ప్రతి వర్షర్తువునను నూతనజలముతో వచ్చుచున్నది. ఆ జలమును శుద్ధముగా విడుచుట ఎగువ నగరముల ధర్మము, అట్లు విడువుడని యడుగుట దిగువ రైతుల హక్కు. తెలుగు, కన్నడము, తమిళము కలసి వినబడు ఈ తీరవాసులు ఆ హక్కును ఏకకంఠమున కోరవలెను.