నూటికి మూడు, నూటికి ఒకటి: లెక్కలు, ఫైనాన్స్ కలిపి ఎందుకు చదువుతున్నానంటే

 

ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన దగ్గర నుంచి గ్రూపులో చాలామంది ఒకటే అడుగుతున్నారు. "ఎంపీసీ చదివాం, ఇంజనీరింగ్ వద్దనుకుంటున్నాం. డిగ్రీలో లెక్కలు తీసుకోవాలా, కామర్స్ తీసుకోవాలా?" అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఒకచోట రాస్తే అందరికీ పనికొస్తుందని రాస్తున్నా. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

నాది పాడేరు వైపు కొండ మీద ఊరు. ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడతాం. తెలుగు ఆశ్రమ పాఠశాలలో నేర్చుకున్నా, ఇంగ్లీషుతో కుస్తీ డిగ్రీలో మొదలైంది. మా ఇంట్లో కాలేజీ గేటు దాటిన మొదటి మనిషిని నేనే. ఇప్పుడు హాస్టల్లో ఉండి బీఎస్సీ ఆనర్స్ చదువుతున్నా. మేజర్ గణితం, మైనర్ ఫైనాన్స్. ఆరో సెమిస్టర్ పరీక్షలు ఈమధ్యే అయిపోయాయి.

ముందు కోర్సు గురించి. ఇప్పుడు డిగ్రీ నాలుగేళ్లది. మూడేళ్లు చదివి ఆపేస్తే మామూలు డిగ్రీ ఇస్తారు, నాలుగో ఏడాది కూడా చదివితే ఆనర్స్. యూజీసీ పద్ధతిలో మూడేళ్లకి 120 క్రెడిట్లు, నాలుగేళ్లకి 160. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం దాటితే నాలుగో ఏడాది రీసెర్చ్ తో కూడిన ఆనర్స్ కూడా తీసుకోవచ్చు. మేజర్ మన అసలు సబ్జెక్టు, మైనర్ పక్క సబ్జెక్టు. మైనర్ వేరే విభాగం నుంచి కూడా తీసుకోవచ్చు. నేను ఫైనాన్స్ తీసుకుంటానంటే మా క్లాసువాళ్లు "లెక్కలోడికి అకౌంట్లతో ఏం పని" అని నవ్వారు.

పని ఉంది. ఒక ఉదాహరణ చెప్తా. రూపాయిని ఏడాదికి నూటికి నూరు వడ్డీకి ఇస్తే ఏడాది చివర 2 రూపాయలు అవుతుంది. అదే వడ్డీని ఆరు నెలలకోసారి అసలులో కలిపితే 2.25. మూడు నెలలకోసారి కలిపితే 2.44, నెలనెలా కలిపితే 2.61, రోజూ కలిపితే 2.71. ఎన్నిసార్లు కలిపినా 2.718 దగ్గర ఆగిపోతుంది, 2.72 మాత్రం దాటదు. ఇంటర్లో మనం బట్టీ పట్టిన 'ఈ' అనే స్థిరాంకం ఇదే. 1683లో జాకబ్ బెర్నౌలీ అనే గణితజ్ఞుడు దీన్ని పట్టుకున్నది చక్రవడ్డీ లెక్క వేస్తూనే. మన తెలుగులోనూ అంతే. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు చేసిన మహావీరాచార్యుల గణిత గ్రంథం ఉంది కదా, ఆ మూల గ్రంథంలో వడ్డీ లెక్కలకు పెద్ద చోటే ఉంది. కాబట్టి ఈ రెండు సబ్జెక్టులూ కొత్తగా కలవలేదు, మన సిలబస్ లోనే విడిపోయాయి.

ఇక మన సంత సంగతి. మా వైపు కాఫీ, మిరియాలు పండిస్తాం. కాఫీ పండ్లు నవంబర్ నుంచి కోతకొస్తాయి. డబ్బు అవసరం మాత్రం వానాకాలంలోనే పడుతుంది. అప్పుడు సంతకొచ్చే వ్యాపారి ముందే డబ్బిచ్చి పంట రాయించుకుంటాడు. "వడ్డీ ఏమీ లేదు, పంట నాకే ఇవ్వండి చాలు" అంటాడు. లెక్క సులువుగా ఉండాలని అంకెలు గుండ్రంగా తీసుకుంటున్నా. జూలైలో 20,000 ఇచ్చి, జనవరిలో కిలో 200 చొప్పున 100 కిలోల ఎండు కాఫీ రాయించుకున్నాడు అనుకోండి. జనవరిలో బయట ధర 260 ఉంది. అంటే 20,000 ఇచ్చి 26,000 సరుకు తీసుకెళ్లాడు. ఆరు నెలలకి 6,000. బారువడ్డీ లెక్కన ఏడాదికి 60 శాతం, అంటే నూటికి అయిదు రూపాయలు. వడ్డీ లేని అప్పు ఇదన్నమాట!

ఫైనాన్స్ క్లాసులో ఇలా ముందే ధర కట్టుకోవడాన్ని ఫార్వర్డ్ కాంట్రాక్ట్ అంటారు. సార్ ఆ పాఠం చెప్తుంటే నాకు మా సంతే కనిపించింది. కానీ పుస్తకంలో ఒక మాట ఉంటుంది: రెండు వైపులవాళ్లూ ఒకే వడ్డీకి అప్పు తెచ్చుకోగలరు అని. మా నాన్నకీ వ్యాపారికీ ఒకే వడ్డీకి అప్పు ఎవరిస్తారు? పుస్తకంలో ధర న్యాయంగా తేలేది ఆ మాట మీదే. మా సంతలో ఆ మాటే లేదు.

వ్యాపారిని తిట్టడానికి ఇది రాయట్లేదు. ధర 150కి పడిపోతే నష్టం అతనిదే. కాబట్టి ఆ 6,000లో కొంత వడ్డీ, కొంత అతను నెత్తిన పెట్టుకున్న రిస్క్ కి కూలి. ఏది ఎంత అని విడదీయాలంటే సంభావ్యత రావాలి, ఫైనాన్సూ రావాలి. ఒక్కటొస్తే చాలదు.

అమ్మ వాళ్ల పొదుపు సంఘంలో నూటికి రూపాయి వడ్డీకి అప్పు దొరుకుతుంది. అక్కడ 20,000 తెస్తే ఆరు నెలలకి 1,200 వడ్డీ, మొత్తం 21,200 కట్టాలి. 100 కిలోలకి భాగిస్తే కిలోకి 212. అంటే ప్రశ్న ఒక్కటే మిగిలింది: జనవరిలో ధర 212 దాటుతుందా? దాటితే సంఘం అప్పు మేలు, దాటకపోతే వ్యాపారి మేలు. కిందటి వానాకాలం నాన్నకి ఇది నోట్సు వెనక పేజీలో వేసి చూపించా. నాన్న చాలాసేపు చూశాడు. "ఇంతేనా? ఈ ఒక్క అంకె తెలియకేనా ఇన్నేళ్లు?" అన్నాడు. అమ్మ మాత్రం "ధర పడిపోతే సంఘానికి ఏటి కడతాం? సగం ఆడికి రాసేద్దాం, సగం మనం ఉంచుకుందాం" అంది. రిస్క్ ని ఇలా సగం సగం చేసుకోవడాన్ని ఫైనాన్స్ లో హెడ్జింగ్ అంటారు. అమ్మ బడికి వెళ్లలేదు. ఇంట్లో ఆ మాటే నడిచింది.

షెడ్యూల్డ్ ప్రాంతాల్లో వడ్డీ వ్యాపారాన్ని అదుపు చేయడానికి 1960లో ఒక రెగ్యులేషన్ వచ్చింది, గిరిజనుల అప్పుల ఉపశమనానికి 1970లో ఇంకోటి వచ్చింది. భూమి విషయంలో 1 ఆఫ్ 70 మనందరికీ తెలిసిందే. అయితే కాగితం మీద వడ్డీ అని రాసి ఉంటే అడగడం సులువు. ధర అని రాసి ఉంటే, అందులో వడ్డీ దాగుందని ముందు లెక్క కట్టి చూపించాలి. ఆ లెక్క కట్టేవాళ్లు మనలో ఉండాలి కదా.

ఇప్పుడు నా సొంత విషయం. మూడేళ్లు అయిపోయాయి. ఆపేయాలా, నాలుగో ఏడాది చదవాలా? ఇంట్లో చెల్లి ఇంటర్ లో ఉంది. నాన్న నేరుగా వద్దనలేదు గానీ, "ఏట్రా, ఇంకో ఏడాది సదివితే ఏటొస్తాది?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. సరే, దాన్ని కూడా లెక్కలో పెట్టా.

ఇప్పుడే ఉద్యోగంలో చేరితే నెలకి 15,000 వస్తుంది అనుకుందాం. నాలుగో ఏడాది చదివితే ఏడాదికి 1,80,000 పోతుంది. ఆనర్స్ వల్ల తర్వాత జీతం నెలకి 5,000 ఎక్కువ వస్తుంది, అంటే ఏడాదికి 60,000 అనుకుందాం. మామూలుగా చూస్తే మూడేళ్లలో తిరిగొచ్చేస్తుంది. కానీ రేపొచ్చే డబ్బు ఈరోజు డబ్బుతో సమానం కాదు, వడ్డీ తీసేసి చూడాలి. ఫైనాన్స్ లో మొదట నేర్పేది ఇదే, ప్రస్తుత విలువ అంటారు.

సంఘం వడ్డీతో, అంటే నూటికి రూపాయి, ఏడాదికి 12 శాతంతో లెక్క కడితే నాలుగేళ్ల అదనపు జీతం ప్రస్తుత విలువ సుమారు 1,82,000. నాలుగేళ్లలో గిట్టుబాటు. అదే సావుకారు వడ్డీతో, నూటికి మూడు, ఏడాదికి 36 శాతంతో కడితే? జీవితాంతం కాదు, ఎప్పటికీ ఆగకుండా ఏడాదికి 60,000 వస్తూనే ఉన్నా దాని ప్రస్తుత విలువ 60,000 ని 0.36తో భాగించినంతే. 1,66,667. ఎన్నేళ్లు పనిచేసినా 1,80,000 రాదు.

ఈ లెక్క వచ్చిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పిల్లోడు అదే, కోర్సు అదే, ఉద్యోగం అదే. మారింది వడ్డీ ఒక్కటే. ఒకచోట చదువు లాభం, ఇంకోచోట ఎప్పటికీ నష్టం. మన ఊళ్లలో పిల్లల్ని మధ్యలో మానిపిస్తే "వాళ్లకి చదువు విలువ తెలీదు" అంటారు బయటివాళ్లు. తెలియక కాదు. నూటికి మూడుకి అప్పు తెచ్చే ఇంటికి చదువు మానడమే సరైన లెక్క. మా నాన్న ఆ భాగహారం ఎప్పుడూ చేయలేదు, కానీ జవాబు ఆయనకి ముందే తెలుసు. అందుకే స్కాలర్‌షిప్ దయ కాదు. మనకీ టౌన్ పిల్లలకీ మధ్య ఉన్న ఆ వడ్డీ తేడాని తగ్గించేది అదే. అది ఆర్నెల్లు ఆలస్యమైతే ఆ ఆర్నెల్లూ మనం మళ్లీ నూటికి మూడు దగ్గరికే పోతాం.

ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. నాలుగో ఏడాది చదువుతున్నా. షరతు ఒకటే: నా చదువు కోసం పంట రాసేది లేదు, సావుకారు దగ్గర రూపాయి తెచ్చేది లేదు. హాస్టల్ ఉంది, ఆదివారాలు ఇంటర్ పిల్లలకి ట్యూషన్ చెప్తా, మరీ అవసరమైతే సంఘం.

చేరాలనుకునేవాళ్లకి నాలుగు మాటలు.

మొదటి ఏడాది కష్టంగానే ఉంటుంది. ఇంటర్ లెక్కలు జవాబు కోసం, డిగ్రీ లెక్కలు నిరూపణ కోసం. రియల్ అనాలిసిస్ లో ఒక్క పేజీకి రెండు రోజులు పట్టినా కంగారు పడొద్దు. సిద్ధాంతాన్ని ముందు మీ భాషలో మీకు మీరు చెప్పుకోండి, తర్వాత ఇంగ్లీషులో రాయండి. నేను ఒడియాలో చెప్పుకుంటా.

చేరేముందు ఆ కాలేజీలో మైనర్ కి పాఠం చెప్పే లెక్చరర్ నిజంగా ఉన్నారా, పేరుకే ఉందా అని సీనియర్లని అడగండి.

సంభావ్యత, లీనియర్ ఆల్జీబ్రా వదలొద్దు. 1952లో మార్కోవిట్జ్ పెట్టుబడుల రిస్క్ మీద రాసిన వ్యాసం అంతా వాటి మీదే నిలబడింది, 1990లో ఆయనకి నోబెల్ తెచ్చింది కూడా ఆ పనే.

తర్వాత దారులు: ఎమ్మెస్సీకి ఐఐటీల జామ్ పరీక్ష ఉంది, మనకి 7.5 శాతం రిజర్వేషన్. బ్యాంకు పరీక్షలున్నాయి. బీమా కంపెనీల్లో ప్రీమియం లెక్కలు కట్టే ఆక్చువరీ అనే వృత్తి ఉంది, దాని ప్రవేశ పరీక్ష ఏసెట్, ఇంటర్ పాసైనవాళ్లు రాయొచ్చు. పీహెచ్‌డీ వరకు వెళ్తే ఎస్టీ విద్యార్థులకి కేంద్రం ఏటా 750 ఫెలోషిప్పులు ఇస్తుంది.

ఇవేవీ కుదరకపోయినా ఒకటి మాత్రం చేయండి. ఈసారి ఇంటికెళ్లినప్పుడు అమ్మానాన్నల అప్పు కాగితం, సంత లెక్క అడిగి తీసుకోండి. అసలు ఎంత, సరుకు ఎంత, నెలలు ఎన్ని, నూటికి ఎంత పడింది, ఇంతే. కట్టడం రాకపోతే కింద అడగండి, కలిసి కడదాం. పేర్లు, ఊరు రాయొద్దు, అంకెలు చాలు.

అన్నలు, అక్కలు ఇందులో ఇంకా చేర్చాల్సినవి ఉంటే చెప్పండి. బ్యాంకుల్లో పనిచేస్తున్న మనవాళ్లు ఉంటే, మన ఊళ్లకి నూటికి రూపాయి లోపు అప్పు ఏ దారిలో వస్తుందో ఒక పోస్టు రాయమని మనవి. జోహార్.