అక్కకి రాసిన ఉత్తరం

జి.మాడుగులలో ఉంటున్నామని చెప్పిన ప్రతిసారీ మా బంధువులు అనే మాట ఒక్కటే. "అయితే వచ్చేటప్పుడు హల్వా పట్రా!" హల్వాకి పేరుపడ్డ మాడుగుల కొండ కింద ఉంది. మాది కొండ మీది మాడుగుల, గంగరాజు మాడుగుల. చోడవరం నుంచి వచ్చే బస్సు ఆ హల్వా మాడుగుల దాటి, ఘాట్ రోడ్డెక్కి, పాడేరు చేరుతుంది. అక్కణ్ణుంచి ఇంకా లోపలికి రావాలి. ఈ సంగతి మా ఆడపడుచుకి మూడేళ్ళుగా చెబుతున్నాను. మొన్న ఫోన్‌లో కూడా హల్వానే అడిగింది.

మా సంతలో దొరికేవి వేరు. పసుపు, పిప్పళ్ళు, మిరియాలు, చోళ్ళు, చలికాలం వస్తే రాజ్మా. ఆ రాజ్మా గింజలే ఒక రెండు కిలోలు మొన్న జూన్ నెలలో మూటగా మా ఇంటికి వచ్చాయి. కొన్నవి కావు. వాటిని ఇప్పటిదాకా పూర్తిగా వండలేకపోయాను. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మేము అద్దెకుంటున్న ఇంటికి దగ్గర్లోనే ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల ఉంది. మైదానం వాళ్ళకి ఆశ్రమం అనగానే స్వాములు గుర్తొస్తారేమో. ఇవి గిరిజన సంక్షేమ శాఖ నడిపే బడులు. బడీ, వసతీ ఒకే చోట. ఇక్కడ ఊళ్ళు కొండల మీద విసిరేసినట్టు ఉంటాయి, ఇక్కడ పది ఇళ్ళు, అక్కడ ఇరవై ఇళ్ళు. రోజూ నడిచి రావడం పిల్లల వల్ల కాదు. అందుకే అక్కడే ఉండి చదువుకుంటారు, దసరాకీ సంక్రాంతికీ ఇళ్ళకి వెళతారు. డిసెంబరు పొగమంచులో నేను దుప్పటి తీయడానికే బద్ధకిస్తుంటే, వాళ్ళు తలస్నానాలు చేసి చదువుకి కూర్చుని ఉంటారు.

నిరుడు దీపావళి తర్వాత వాళ్ళ తెలుగు టీచరమ్మ ప్రసూతి సెలవులో వెళ్ళారు. హెచ్చెమ్ గారు మావారిని అడిగారట. "మీ ఇంట్లో మేడం గారు తెలుగు బీఏ అని విన్నాను. సాయంత్రం పూట పదో తరగతి పిల్లల్ని ఒక గంట చూస్తారేమో కనుక్కోండి." ఇరవై ఏళ్ళ కిందటి బీఏ అది. పెళ్ళయ్యాక శుభలేఖల్లో తప్పులు దిద్దడానికి తప్ప ఎందుకూ పనికి రాలేదు. మావారి ముందు "చూద్దాంలెండి" అన్నాను గానీ, లోపల ఎంత సంబరపడ్డానో నాకే తెలుసు.

మొదటి వారంలోనే ఆ సంబరం కాస్త నేల మీదకి దిగింది. నేను తెలుగు తల్లి దగ్గర నేర్చుకున్నదాన్ని. ఈ పిల్లల్లో చాలామందికి తెలుగు ఇంటి భాష కాదు. ఇంట్లో కొందరు కువి మాట్లాడతారు, కొందరు ఆదివాసీ ఒడియా మాట్లాడతారు. తెలుగు వాళ్ళకి బడి భాష, సంత భాష, ఆసుపత్రి భాష. పబ్లిక్ పరీక్షలో మాత్రం అందరికీ "మొదటి భాష" తెలుగే! మా అబ్బాయి చోడవరంలో రాసిన పేపరే వీళ్ళూ రాయాలి.

అప్పుడు నాకు గిడుగు రామమూర్తి పంతులు గారు గుర్తొచ్చారు. బీఏలో ఆయన గురించి పేజీలకి పేజీలు రాశాం, అంతా వ్యావహారిక భాషోద్యమం గురించే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. కానీ అంతకుముందే ఆయన పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ, చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష పట్టుబట్టి నేర్చుకుని, ఆ పిల్లల కోసం వాళ్ళ భాషలోనే పుస్తకాలు రాశారు, బడులు పెట్టారు. ముందు మాస్టారు పిల్లల భాష నేర్చుకోవాలని నూరేళ్ళ కిందటే అనుకున్న మనిషి. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియాతో సహా 8 భాషల్లో చిన్న తరగతులకి పుస్తకాలు తెచ్చే కార్యక్రమం మొదలుపెట్టారు. ఆయన వెళ్ళిన ఎన్నో ఏళ్ళకి. నాకు కువిలో ఒక్క ముక్క రాదు. అయినా ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

పిల్లలు పదిహేనుమంది దాకా వచ్చేవారు, మా వసారాలోకి. వాళ్ళలో గోడవార కూర్చునే అమ్మాయి ఒకతె. పేరు రాయను, తనకి ఇష్టం ఉండదు. ఇంటి భాష కువి. మాట తక్కువ, అనుమానాలు ఎక్కువ. ఒకరోజు అడిగింది. "మేడం, కృతజ్ఞతలో ఇన్ని వంకరలు ఎందుకున్నాయి?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వి, కకి వట్రసుడి, జకి ఞ వత్తు అని బోర్డు మీద విడదీసి చూపించాను. ఊపులో అర్థం కూడా చెప్పాను. కృత అంటే చేసినది, జ్ఞ అంటే తెలిసినవాడు. ఒకరు మనకి చేసిన మేలు ఎరిగి ఉండటమే కృతజ్ఞత. "థాంక్స్ అని నోటితో చెప్పడం కాదర్రా, ముందు తెలిసుండాలి" అని ఒక ఉపన్యాసమూ ఇచ్చాను. ఆ మాట ఆ రోజు నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో!

మర్నాడు లేఖారచన. "మీకు చదువు చెప్పిన గురువుగారికి కృతజ్ఞతలు తెలుపుతూ లేఖ రాయండి" అని ఇచ్చాను. అందరూ "పూజ్యులైన గురువుగారి పాదపద్మములకు" అని మొదలుపెట్టి, ఒకేలా రాశారు. ఈ అమ్మాయి మాత్రం వాళ్ళ అక్కకి రాసింది. నేను చదివాను. చదివి, మధ్యలో అడ్డంగా గీత కొట్టి, కింద రాశాను: "లేఖ గురువుగారికి కదా! ప్రశ్న సరిగా చదువుకో. మళ్ళీ రాయి."

మళ్ళీ రాసింది. పాదపద్మాలతోనే.

నా తప్పేమీ లేదనే అనుకున్నాను. పరీక్షలో అడిగినదానికే మార్కులు కదా. వచ్చిన పిల్ల వచ్చినట్టు గట్టెక్కాలన్నదే నా తపన. మార్చిలో పరీక్షలు అయ్యాయి, ఏప్రిల్‌లో ఫలితాలు వచ్చాయి. ఆ అమ్మాయికి తెలుగులో 81 వచ్చాయి. ఆ మధ్యాహ్నం నేను సేమ్యా పాయసం చేసి ఇరుగుపొరుగు అందరికీ పంచాను, నేనే పాసయినట్టు.

జూన్ చివర్లో బడిలో అభినందన సభ పెట్టారు. టీసీల కోసం పిల్లలు ఎలాగూ వస్తారు కనుక అప్పుడే. బయట ముసురు పట్టింది. రేకుల వరండాలో కుర్చీలు వేసి, మైకు పెట్టారు. నాకూ పిలుపొచ్చింది. జ్యోతి వెలిగించారు, చిన్నపిల్లలు థింసా ఆడారు, టీచర్లకి శాలువాలు కప్పారు. కప్పాల్సిందే. వాళ్ళలో కొందరు ఇలాంటి ఆశ్రమ పాఠశాలల్లో చదువుకుని, మళ్ళీ ఇక్కడికే మాస్టార్లుగా వచ్చినవాళ్ళు. రాత్రి చదువుల్లో పిల్లలతో పాటు మేలుకున్నవాళ్ళు. చివర్న నాకూ ఒక శాలువా కప్పారు. నిజం ఎందుకు దాచాలి, కళ్ళు చెమర్చాయి.

పెద్దల్లో ఒకాయన మాలావత్ పూర్ణ గురించి చెప్పారు. గురుకులంలో చదివిన గిరిజన అమ్మాయి, పద్నాలుగేళ్ళు కూడా నిండకుండా 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది, మీరూ ఎక్కాలి అన్నారు. పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

తర్వాత మా అమ్మాయిని మాట్లాడమన్నారు. ముందురోజు నా దగ్గరికి వస్తే నేనే రాసిచ్చాను, నాలుగు ముక్కలు. "వేదికనలంకరించిన పెద్దలకు..." అని గడగడా చెప్పేసింది. హెచ్చెమ్ గారికి, టీచర్లకి, నాకు, అమ్మానాన్నలకి అందరికీ కృతజ్ఞతలు అంది. వట్రసుడి, వత్తు ఎక్కడా తప్పలేదు. అక్కడ ఒక్క క్షణం ఆగి, జనం వెనక వంటగది వైపు చూసింది. మర్చిపోయిందేమో అనుకుని నేను కింద నుంచి పెదవులు కదుపుతూ అందించాను. "ఇంతటితో ముగిస్తున్నాను" అని దిగిపోయింది.

సభ అయ్యాక వంటగది దగ్గర కనిపించింది ఆ అక్క. ఇరవై ఏళ్ళుంటాయేమో. చంకలో బిడ్డ, తడిసిన చీర. ఊరి నుంచి రోడ్డు దాకా నడిచి, అక్కడ జీపెక్కి వచ్చారట. కుర్చీలు ఖాళీ ఉన్నా వచ్చి కూర్చోలేదు. వంటమ్మ, కామాటి ఆమెల పక్కనే నిలబడి అంతా చూసింది. అన్నట్టు, ఐదేళ్ళు ఆ పిల్లలకి వండిపెట్టిన ఆ ఇద్దరి పేర్లు కూడా మైకులో ఎవరూ చెప్పలేదు. నేను రాసిచ్చిన కాగితంలోనూ లేవు.

ఆ అక్క నా చేతిలో మూట పెట్టి, ఏదో అంది. చెల్లెలు తెలుగులో చెప్పింది.

"మీరు నాకు చదువు చెప్పినారని తెచ్చింది మేడం. విత్తనానికి ఉంచినవి. మంచి గింజలు."

విత్తనానికి ఉంచుకున్నవాటిలోంచి తీసి ఇచ్చింది! వద్దమ్మా అన్నాను, బతిమాలాను. "అక్క వెనక్కి తీసుకోదు మేడం" అంది ఆ పిల్ల.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి పాత నోటుపుస్తకాల కట్ట విప్పాను. పరీక్షలయ్యాక పిల్లలు మా వసారాలోనే వదిలేశారు. ఆ ఉత్తరం దొరికింది. నా గీత కింద నుంచే అక్షరాలు కనిపిస్తున్నాయి.

"అక్కా, తమ్ముడు పుట్టినప్పుడు నువ్వు నాలుగో తరగతి. నేను ఒకటో తరగతి. అమ్మ పోడుకి పోతే తమ్ముడిని ఎత్తుకోడానికి ఒకరు ఉండాలి. నువ్వు ఉండిపోయినావు. నేను బడికి వచ్చినాను. నీ పలక నాకే ఇచ్చినావు. నేను పదో తరగతి పాసయితే నీది సగం."

రెండు ముద్రారాక్షసాల లాంటి తప్పులు కూడా లేవు. అర్థం నేను చెప్పకముందే తెలిసిన పిల్ల ఆమె. అర్థం చెప్పి, గీత కొట్టినదాన్ని నేను.

మా ఇంట్లో కూడా ఒక అక్క ఉంది. నాకు బీఏ ఫీజు కట్టాల్సిన ఏడాది తన ఇంటరు మధ్యలో ఆపి, టైలరింగు నేర్చుకుంది. "నాకు చదువు ఎక్కదులే" అనేది. మేమూ నమ్మేశాం. నమ్మడం మాకు సుఖం కనుక. ఎవరెస్టు ఎక్కేవాళ్ళకి ముందు నడిచి తాళ్ళు కట్టే షెర్పాలుంటారని చదివాను. మన ఇళ్ళలో ఆ పని ఎక్కువగా పెద్దపిల్లలే చేస్తారు, అందులోనూ ఆడపిల్లలు. శిఖరం దగ్గర ఫొటో తీసేవేళకి వాళ్ళు వంటగది దగ్గరుంటారు.

మర్నాడు టీసీ కోసం వచ్చినప్పుడు అక్కాచెల్లెళ్ళని ఇంటికి పిలిచాను. రాత్రి వాళ్ళు బడిలోనే ఉండిపోయారు. టీ ఇచ్చి, నోటుపుస్తకం ఆ అమ్మాయి చేతిలో పెట్టాను. "ఇది మీ అక్కకి చదివి వినిపించు. గీత నాది, తప్పు నాదే" అన్నాను. ఆ పిల్ల సిగ్గుపడింది. తర్వాత తెలుగులో రాసినదాన్ని మెల్లిగా కువిలో చెప్పుకుంటూ పోయింది. నాకు ఒక్క మాట అర్థం కాలేదు. అక్క బిడ్డకి బిస్కెట్టు తినిపిస్తూ వింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. చివర్లో ఏదో అని గట్టిగా నవ్వింది.

"ఏమందమ్మా?"

"సగం నాదయితే, వచ్చే ఏడాది పసుపు తవ్వడానికి కూడా సగం నువ్వు రా అంటోంది మేడం."

వెళ్ళేటప్పుడు అక్క ఆ కాగితం అడిగి, చింపించుకుని, మడిచి రవికలో పెట్టుకుంది. చదవలేదు, అయినా తీసుకుంది.

ఆ రాత్రి మా అక్కకి ఫోన్ చేశాను. ఉత్తరం చదివినట్టు చదవలేకపోయాను. "ఆ ఏడాది నువ్వు చదువు మానేసింది నా ఫీజు కోసమని నాకు తెలుసక్కా" అన్నాను. అంతే. అటువైపు కాసేపు మాట లేదు. "ఇప్పుడు గుర్తొచ్చిందేమే నీకు" అంది. తర్వాత పచ్చళ్ళ గురించి మాట్లాడుకున్నాం.

ఆ అమ్మాయి ఇప్పుడు ఇంటరు బైపీసీలో చేరింది. ఈ ఏడాది కూడా పదో తరగతి పిల్లలు కొందరు సాయంత్రాలు మా వసారాకి వస్తున్నారు. లేఖ మళ్ళీ ఇచ్చాను, ప్రశ్న మాత్రం మార్చాను. పరీక్ష పద్ధతిలో ఒకటి రాయండి, మీకు నచ్చినవాళ్ళకి ఇంకొకటి రాయండి, రెండోదానికి నేను ఎర్ర పెన్ను పెట్టను అన్నాను. ఒకతె కామాటి అమ్మకి రాసింది. ఒకతె చనిపోయిన తాతకి రాసింది. ఇచ్చే వీలున్నవి ఇచ్చి రమ్మన్నాను.

రాజ్మాలో ఒక గ్లాసు మాత్రం వండాను. విత్తనం గింజలు కదా, మిగతావి వండబుద్ధి కాలేదు. ఆగస్టులో మా పెరట్లో రెండు మళ్ళు వేశాను. మొన్న సంతకి వచ్చినప్పుడు ఆ అక్క చూసి నవ్వింది. ఇంత దగ్గర దగ్గరగా ఎవరైనా వేస్తారా అని చేత్తో దూరం కొలిచి చూపించి, కొంగు బిగించి, సగం మొక్కలు తనే పీకేసింది. కొండల మీద వలిసెలు పసుప్పచ్చగా పూశాయి. మిగిలిన మొక్కలకి కాయలు పడుతున్నాయి. ఈసారి ఊరెళ్ళినప్పుడు మా ఆడపడుచుకి ఇవే పట్టుకెళతాను.